జీర్ణం కాని వాతాపి

పంజాగుట్టలో ఒక మందుల షాపు ఉంది. దాని ముందునుంచి నడవాల్సి వస్తే నేను ఇప్పటికీ రోడ్డు దాటి అవతలి పక్కనుంచి పోతాను. ఆ షాపువాళ్ళతో నాకేం గొడవ లేదు. 2021 ఏప్రిల్ చివర్లో, సెకండ్ వేవ్ ముదిరిన రోజుల్లో, అక్కడ వాట్సాప్‌లో వచ్చిన ఒక చీటీ చూపించి స్టెరాయిడ్ మాత్రలు కొన్నాను. ఆ చీటీ ఎవరో డాక్టరు ఇంకెవరో పేషెంటుకి రాసింది. పది గ్రూపులు తిరిగి మా ఇంటి గ్రూపులోకి వచ్చింది. మిర్యాలగూడ దగ్గర మా ఊళ్ళో బాబాయికి అప్పటికి నాలుగో రోజు జ్వరం. "ఇక్కడ దొరకట్లేదురా, నువ్వు సిటీలో ఉన్నావు కదా, కాస్త చూడు" అంది పిన్ని. నేను అమీర్‌పేటలో హాస్టల్లో ఉండేవాణ్ణి. నాలుగు షాపులు తిరిగి, పట్టుకుని, ఆర్టీసీ కార్గోలో వేసి, ఏదో ఘనకార్యం చేసినట్టు గ్రూపులో ఫొటో కూడా పెట్టాను.

అప్పుడు బాబాయికి ఆక్సిజన్ 96 ఉంది. షుగర్ మాత్రం పదేళ్ళనుంచీ ఉంది.

మూడు వారాల తర్వాత కోవిడ్ తగ్గింది గానీ చెంప మొద్దుబారింది. పళ్ళ నొప్పి అనుకున్నారు. తర్వాత కన్ను వాచింది. తర్వాత ఆ కన్ను తీసేయాల్సి వచ్చింది. మనిషి బతికాడు. పిన్ని మాత్రం ఈరోజుకీ ఒకటే మాట అంటుంది: "మాస్కు సరిగ్గా ఉతికి ఎండేయలేదు నేను, ఆ తడిలోంచే పట్టింది." ఆ రోజుల్లో వాట్సాప్‌లో తిరిగిన సంగతులు గుర్తున్నాయి కదా. తడి మాస్కు, ఆక్సిజన్ సిలిండర్‌లో నీళ్ళు, ఆఖరికి ఉల్లిపాయ పొట్టు మీదుండే నల్ల మచ్చ కూడా!

నేను బయాలజీని పదో తరగతితో వదిలేసినవాణ్ణి (ఎంపీసీ మరి). కానీ ఈ ఫంగస్ ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎలా వచ్చింది అన్న ప్రశ్న వదల్లేదు. చదవడం మొదలుపెట్టాక అసలు ప్రశ్నే తప్పని అర్థమైంది. "ఎలా వచ్చింది" కాదు, "లోపలికి వచ్చినదాన్ని మన కణం మింగేసింది కదా, మరి అది చావలేదేం" అని అడగాలట. ఈ ప్రశ్న వెనకాల నూట నలభై ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో ఒక ముక్క మన బేగంపేటలోనే ఉంది. అదీ నేను చెప్పాలనుకున్నది.

చిన్నప్పుడు అన్నం తినిపించాక పొట్ట నిమురుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అనేది మా నాయనమ్మ. కథ అందరికీ తెలిసిందే. వాతాపి మేకగా మారతాడు, అన్న ఇల్వలుడు అతన్ని వండి అతిథికి పెడతాడు, తిన్నాక "వాతాపీ, రా" అంటే వాడు పొట్ట చీల్చుకుని బయటికి వస్తాడు. అగస్త్యుడి దగ్గర మాత్రం ఆ పప్పులు ఉడకలేదు. మన ఒంట్లో మాక్రోఫేజ్ అనే తెల్లకణాలు ఉన్నాయి. వాటి పని అగస్త్యుడి పనే. కనిపించిన పరాయి క్రిమిని మింగడం, ఒక సంచిలో బంధించడం, ఆ సంచిలోకి ఆమ్లం, ఎంజైములు పోసి అరిగించెయ్యడం. చాలా బాక్టీరియాలు అక్కడ జీర్ణమైపోతాయి. కొన్ని ఫంగస్‌లు కావు. అవి వాతాపి టైపు.

తమాషా ఏంటంటే, ఈ మింగుడు వ్యవహారం మొట్టమొదట ఒక నిజమైన జబ్బులో కనిపించింది ఫంగస్ దగ్గరే. రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికోవ్ 1882లో ఇటలీలోని మెస్సీనాలో, ఇంట్లోవాళ్ళు సర్కస్‌కి వెళ్ళిన రోజు ఒంటరిగా కూర్చుని, పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లల్లోకి గులాబీ ముళ్ళు గుచ్చాడు. తెల్లారి చూస్తే ముళ్ళ చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. అది ముల్లు మాత్రమే, జబ్బు కాదు. 1884లో నీటి ఈగ డాఫ్నియా మీద ఇంకో పేపరు రాశాడు. దాని పేగుని సూదిలాంటి ఫంగస్ బీజాలు పొడుచుకుని ఒంట్లోకి వస్తాయి, కణాలు వాటిని చుట్టుముట్టి మింగుతాయి. కణాలు గెలిస్తే ఈగ బతుకుతుంది. బీజం మొలకెత్తి ఈస్టులా పెరిగితే ఈగ చస్తుంది. రోగనిరోధకశక్తి గురించి మనకున్న బొమ్మ, అదే సైనికులూ శత్రువులూ అనే బొమ్మ, చాలావరకు అక్కణ్ణుంచే వచ్చింది. 1908లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. అయితే సైనికుడి పొట్టలోనే శత్రువు కాపురం పెట్టగలడు అన్న సంగతి ఆ బొమ్మలో సరిగ్గా ఇమడలేదు.

ఇక బేగంపేట. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే రెండు మూడు స్టాపుల దూరం. పాత ఎయిర్‌పోర్టు దగ్గర రొనాల్డ్ రాస్ పనిచేసిన బంగళా ఉంది. అమీర్‌పేటలో జావా నేర్చుకోవడానికి వచ్చే లక్షల మందిలో దాన్ని చూసినవాళ్ళు ఎందరున్నారో నాకు అనుమానమే (నేను కూడా ఆరేళ్ళు ఇక్కడే ఉండి ఆ తర్వాతే చూశాను). 1897 ఆగస్టు 20న రాస్ ఇక్కడే దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుస్సేన్ ఖాన్ అనే రోగిని. కుట్టించుకున్నందుకు దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారు. ఈ కథ మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. దాని తర్వాతి భాగం లేదు.

1903లో ఇంగ్లండులో లీష్మన్ అనే మిలటరీ డాక్టరు, మద్రాసు జనరల్ హాస్పిటల్లో చార్లెస్ డోనోవన్ అనే డాక్టరు, విడివిడిగా ఒకే వింతని వెల్లడించారు. కాలా అజార్ రోగుల ప్లీహంలో, కణాల లోపల, చిన్న చిన్న గుండ్రటి వస్తువులు. ఇవేంటని తెగ చర్చ జరిగింది. అదే ఏడాది చివర్లో రాస్ ఇది కొత్త జీవి అని తేల్చి, ఇద్దరి పేర్లూ కలిపి లీష్మానియా డోనోవని అని పేరు పెట్టాడు. ఇది ఫంగస్ కాదు, ప్రోటోజోవా. కానీ మాక్రోఫేజ్ లోపలే పెరుగుతుంది. మింగే కణంలోనే కాపురం ఉండే జీవి అన్నమాట.

రెండేళ్ళ తర్వాత, 1905 డిసెంబరులో, పనామా కాలవ తవ్వుతున్న చోట శామ్యూల్ డార్లింగ్ అనే అమెరికన్ డాక్టరు ఒక శవపరీక్ష చేశాడు. చనిపోయింది మార్టినిక్ ద్వీపం నుంచి పనికి వచ్చిన 27 ఏళ్ళ వడ్రంగి. (27 ఏళ్ళు. ఊరు వదిలి పనికోసం వచ్చినవాడు. నాకు ఆ లైను దగ్గర కాసేపు ముందుకి సాగలేదు.) ఊపిరితిత్తుల్లో క్షయ లాంటి బుడిపెలు, కానీ క్షయ క్రిములు లేవు. మైక్రోస్కోపులో చూస్తే మాక్రోఫేజ్‌ల నిండా చిన్న గుండ్రటి వస్తువులు. డార్లింగ్ కాలా అజార్ కోసమే కళ్ళు తెరుచుకుని చూస్తున్నవాడు. అందుకే తను చూసింది లీష్మానియాకి చుట్టం అనుకున్నాడు. పేరు హిస్టోప్లాస్మా క్యాప్సులేటం అని పెట్టాడు. అంటే హిస్టియోసైట్ కణంలో ఉండే, ప్లాస్మోడియం లాంటి, క్యాప్సూల్ ఉన్న జీవి అని.

అది ప్లాస్మోడియం లాంటిది కాదు. దానికి క్యాప్సూల్ లేదు. అది ప్రోటోజోవానే కాదు, ఫంగస్! 1912లో బ్రెజిల్‌కి చెందిన రోషా లిమా ఇది ఈస్టులా ఉందే అని అనుమానపడ్డాడు. 1934లో అమెరికాలో డిమాన్‌బ్రన్ దాన్ని ల్యాబులో పెంచి ఫంగసే అని తేల్చాడు. మధ్యలో దాదాపు ముప్ఫై ఏళ్ళు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది బాగా తెలిసిన బాధ. ఎవడో ఒకడు మొదట్లో తప్పు పేరు పెడతాడు, అది వందచోట్ల వాడేస్తారు, ఇంక మార్చే ధైర్యం ఎవడికీ ఉండదు.

మన దేశంలో హిస్టోప్లాస్మోసిస్‌ని మొదటిసారి 1954లో కలకత్తాలో పంజా, సేన్ అనే డాక్టర్లు రిపోర్టు చేశారు. ఇది చూడ్డానికి అచ్చం టీబీలా ఉంటుంది. టీబీ ఇంతగా ఉన్న మన దేశంలో ఎవరైనా ముందు దాన్నే అనుమానిస్తారు. డార్లింగ్ తనకి తెలిసిన జబ్బు చూసినట్టే మనమూ మనకి తెలిసిన జబ్బే చూస్తాం.

అసలు ఇది కణంలో ఎలా బతుకుతుంది? మామూలుగా సంచిలో ఆమ్లత్వం పీహెచ్ 5 దాకా దిగుతుంది. హిస్టోప్లాస్మా దాన్ని 6.5 దగ్గర ఆపేస్తుంది. ఆ అంకె ఊరికే కుదిరింది కాదు. అంతకంటే ఆమ్లం పెరిగితే ఎంజైములు చంపేస్తాయి. తగ్గితే రక్తంలోని ప్రోటీను పట్టుకున్న ఇనుము విడుదల కాదు. ఆ ఇనుము లేకపోతే ఫంగస్‌కి తిండి లేదు. చావకుండా, పస్తులుండకుండా మధ్యలో పెట్టుకుందన్నమాట. 1994లో ఒక పరిశోధనలో మాక్రోఫేజ్‌లకి క్లోరోక్విన్ ఇచ్చి చూశారు. పీహెచ్ పెరిగింది, ఇనుము దొరకలేదు, ఫంగస్ చచ్చింది. ఎలుకల్లో కూడా పనిచేసింది. క్లోరోక్విన్ అంటే మలేరియా మందు! డార్లింగ్ తన ఫంగస్‌కి మలేరియా క్రిమి చుట్టరికం అంటగట్టింది పొరపాటుగానే, అయినా అదే మందు దీనిమీదా పనిచేసింది. రోగులకి వాడే వైద్యంగా అది మారలేదు, అది వేరే సంగతి.

అందరు వాతాపులూ ఒకలా ఉండరు. క్యాండిడా ఆల్బికాన్స్ అనేది అసలు సిసలు వాతాపి. మింగాక పొడుగ్గా దారంలా పెరిగి కణాన్ని చీల్చుకుని వస్తుంది. దాని చుట్టం క్యాండిడా గ్లాబ్రాటాకి ఆ విద్య రాదు. అది చప్పుడు చెయ్యకుండా లోపలే ఉండి, కణాన్ని చంపకుండా, నెమ్మదిగా పిల్లల్ని పెడుతుంది. దీని మీద ప్రపంచస్థాయి పని జరిగింది మన హైదరాబాదులోనే. ఇప్పుడు ఉప్పల్లో, అంతకుముందు నాంపల్లిలో ఉన్న సీడీఎఫ్‌డీలో రుపిందర్ కౌర్ గారి ల్యాబులో. ఈ సంస్థ పేరు వినగానే మనకి డీఎన్ఏ టెస్టులూ క్రైమ్ వార్తలే గుర్తొస్తాయి. 2012లో వాళ్ళు వెలువరించిన పని ఇది: ఈ ఫంగస్‌లో ఒక్కో జీన్ చెడగొట్టి 18 వేలకు పైగా రకాలు తయారుచేసి, వాటిని మనిషి మాక్రోఫేజ్ లాంటి కణాలకి తినిపించారు. లోపల ఏవి తట్టుకోలేకపోయాయో చూశారు. మనం ఒక్కో మాడ్యూల్ ఆపేసి ఏది కూలుతుందో చూసినట్టు. 56 జీన్లు తేలాయి. కణం లోపలికి పోగానే ఈ ఫంగస్ తన డీఎన్ఏని చుట్టిపెట్టుకునే పద్ధతే మార్చేసుకుంటుందని కూడా బయటపడింది. అంటే మింగినవాడి కడుపులో పడ్డాక వేషం మార్చడం కాదు, తన సెట్టింగులే మార్చుకుంటోంది.

మరి ఈ విద్యలన్నీ ఇవి ఎక్కడ నేర్చుకున్నాయి? మన ఒంట్లో కాదు. క్రిప్టోకాకస్ అని ఇంకో ఫంగస్ ఉంది. ఎయిడ్స్ ఉన్నవాళ్ళలో మెదడు పొరలకి పట్టి చంపుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి కాబట్టి ఇక్కడి పెద్దాసుపత్రుల డాక్టర్లకి ఇది కొత్తది కాదు. 1955లో ఎమ్మన్స్ అనే ఆయన ఇది పావురాల రెట్టలో ఉంటుందని చూపించాడు. (మన అపార్ట్‌మెంట్ల బాల్కనీలకి వలలు కట్టేది శుభ్రత కోసమే గానీ, ఈ సంగతి చదివాక నేను మా వల చిరుగు కుట్టించాను.) 2001లో అమెరికాలో క్యాసడెవాల్ బృందం ఒక ముఖ్యమైన సంగతి చెప్పింది. మట్టిలో అమీబాలు ఉంటాయి, అవి కనిపించిన ఫంగస్‌నల్లా మింగుతాయి. వాటి కడుపులో బతకడం నేర్చిన ఫంగస్‌కి మాక్రోఫేజ్ కడుపు పెద్ద లెక్క కాదు. కోట్ల ఏళ్ళ ప్రాక్టీసు అక్కడ అయిపోయింది. 2006లో ఇంకో వింత బయటపడింది. రెండు వేరు వేరు బృందాలు ఒకేసారి చూశాయి: క్రిప్టోకాకస్ మాక్రోఫేజ్‌లోంచి బయటికి వచ్చేస్తుంది, కణం చావదు, ఫంగసూ చావదు. ఇద్దరూ ఏమీ జరగనట్టు ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఇల్వలుడికి కూడా ఈ ఐడియా వచ్చి ఉండదు.

ఇక్కడ మన తెలుగువాడి గురించి ఒక్క మాట. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరుతో ఒక ఫంగస్ ప్రజాతి ఉంది, సుబ్బారోమైసెస్. ఆయన పోయాక 1953లో పెట్టారు. ఆయన నడిపిన ల్యాబులోంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. మెథోట్రెక్సేట్ కుటుంబపు మందులూ అక్కణ్ణుంచే వచ్చాయి. మర్నాటి ఏడాదే కీళ్ళవాతానికి కార్టిసోన్ వాడి అద్భుతం అనిపించారు. లక్షల ప్రాణాలు నిలబెట్టిన మందులివి, అందులో సందేహం లేదు. కానీ యాంటీబయాటిక్ బాక్టీరియాని ఊడ్చేస్తే ఆ ఖాళీలో ఫంగస్ పెరుగుతుంది. స్టెరాయిడ్, మెథోట్రెక్సేట్ లాంటివి కాపలా కణాల చేతులు కట్టేస్తాయి. ఫంగస్ జబ్బులు ఆస్పత్రుల్లో పెద్ద సమస్య అయింది ఆ తర్వాతే. వ్యాధి చరిత్ర అంటే క్రిమి చరిత్రే అనుకుంటాం గానీ, సగం మన మందుల చరిత్ర.

సరే, బాబాయి దగ్గరికి వస్తాను.

బ్లాక్ ఫంగస్ అన్నది కూడా తప్పు పేరే. ఆ ఫంగస్ నల్లగా ఉండదు. రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి రక్తం గడ్డ కట్టిస్తుంది, రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. ఎక్కువగా కనిపించేది రైజోపస్, అంటే మా హాస్టల్లో నాలుగు రోజులు మర్చిపోయిన బ్రెడ్డు ప్యాకెట్లో పెరిగే బూజు. దాని బీజాలు గాల్లో, మట్టిలో, కుళ్ళిన పండు మీద అంతటా ఉంటాయి. మీరు ఇది చదువుతూ కూడా కొన్ని పీల్చి ఉంటారు. మరి మనకేం కాదేం?

దీనికి 2018లో గ్రీసులోని క్రీట్ ద్వీపం నుంచి ఒక జవాబు వచ్చింది. ఎలుకల్లో చూశారు. ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్ రైజోపస్ బీజాన్ని మింగుతుంది. కానీ చంపలేదు! బీజం పైపొరలోని మెలనిన్ ఆ సంచిని ముదరనివ్వదు. అరుగుదల మొదలవదు. అలాగని బీజం మొలకెత్తనూ లేదు, ఎందుకంటే మాక్రోఫేజ్ దానికి ఇనుము దొరకనివ్వదు. ఇద్దరూ అలా రోజుల తరబడి కూర్చుని ఉంటారు. అగస్త్యుడు వాతాపిని అరిగించలేదు, బయటికి రానివ్వకుండా పట్టుకుని కూర్చున్నాడు, అంతే. ఇప్పుడు షుగర్ అదుపు తప్పి రక్తంలో ఆమ్లాలు పెరిగాయనుకోండి. ప్రోటీను పట్టుకున్న ఇనుము వదులవుతుంది. స్టెరాయిడ్ వేశారనుకోండి. షుగర్ ఇంకా ఎగబాకుతుంది, కాపలా కణం పట్టు సడలుతుంది. బీజం మొలకెత్తుతుంది.

స్టెరాయిడ్ చెడ్డ మందు అనడం లేదు. 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద ట్రయల్‌లో డెక్సామెథాసోన్ కోవిడ్ మరణాలు తగ్గిస్తుందని తేలింది. ఎవరిలో? ఆక్సిజన్ అవసరమైనవాళ్ళలో. అవసరం లేనివాళ్ళలో లాభం కనిపించలేదు. ఈ రెండో ముక్క కూడా అదే పేపర్లో ఉంది. మా వాట్సాప్ గ్రూపుదాకా మొదటి ముక్కే వచ్చింది. 96 అంటే ఎవరిలో లెక్కో నేను అప్పుడు అడగలేదు.

2021 మే 20న తెలంగాణ ప్రభుత్వం దీన్ని తప్పనిసరిగా రిపోర్టు చెయ్యాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ప్రధాన కేంద్రమైంది. జూన్ చివరికి దేశంలో కేసులు 40 వేలు దాటాయి. మందు ఆంఫోటెరిసిన్, 1950ల్లో వెనెజువెలా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీసింది. కాలా అజార్‌కి వాడేదీ ఇదే. కిడ్నీలకి తక్కువ హాని చేసే లైపోసోమల్ రకం అయితే 60 కిలోల మనిషికి రోజుకి కనీసం 6 వయల్స్, వారాల తరబడి. అవి షాపుల్లో దొరికేవి కాదు. మెయిల్ పెట్టాలి, కమిటీ ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో లాక్‌డౌన్ సడలింపు ఉన్న నాలుగు గంటల్లో నేను అవే షాపుల వరస మళ్ళీ తిరిగాను. ఈసారి ఏ షాపులోనూ లేదు. అదే నెలలో ఐఐటీ హైదరాబాద్ వాళ్ళు కాలా అజార్ కోసం మొదలుపెట్టిన ఆంఫోటెరిసిన్ నానోఫైబర్ మాత్ర సంగతి పేపర్లో వచ్చింది, 60 మిల్లీగ్రాములు సుమారు 200 రూపాయలని. ఆ కటింగ్ ఫోన్లో ఇంకా ఉంది. మా పనికి అందలేదు.

పోయిన దసరాకి ఊరెళ్ళినప్పుడు పిన్నికి మాస్కు సంగతి చెప్పాను. తడి మాస్కు వల్ల కాదు పిన్నీ, ఆ బీజాలు బాబాయి ఊపిరితిత్తుల్లోకి అంతకుముందు ఎన్ని వందలసార్లు వెళ్ళుంటాయో, ప్రతిసారీ ఒంట్లో కణాలు పట్టుకునే ఉంటాయి అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మరి ఆసారి ఎందుకు వదిలేశాయి?" అంది.

షుగర్ పెరిగింది కదా అన్నాను. మాత్రల మాట ఎత్తలేదు.

పిన్ని ఇది చదవదు. బాబాయి చదువుతాడు, ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఒక పక్కకి తల తిప్పి. ఆదివారం వస్తున్నాను బాబాయ్. ఈలోపు చదివేస్తే సరే, లేకపోతే నేనే చెప్తాను.